పాప చూసిన విమానం టికెట్టు

ప్రశ్న: మేం జర్మనీకి వచ్చి ఆరేళ్లయింది. ఇద్దరం బ్లూ కార్డ్ (పెద్ద చదువులు చదివిన విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీద ఉద్యోగాలు చేస్తున్నాం. ఏడాదిగా మావారు రాత్రిళ్లు వలసల మీద వీడియోలు చూస్తూ, ‘ఆ పార్టీవాళ్లు చెప్పేది నిజమే, ఈ శరణార్థుల వల్లే మనకూ చెడ్డపేరు’ అంటున్నారు. కాదంటే గొడవ. మొన్న మా తొమ్మిదేళ్ల పాప ఆయన ఫోన్‌లో విమానం టికెట్టు బొమ్మ చూసి ‘అమ్మా, మనల్నీ పంపించేస్తారా?’ అంది. అప్పటినుంచి నాకు నిద్ర లేదు.

జవాబు: పాప చూసింది బహుశా 2025 జనవరిలో కార్ల్స్‌రూయె నగరంలో, వలసలను వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీ పంచిన కరపత్రం అయ్యుంటుంది. అచ్చం బోర్డింగ్ పాస్‌లా ఉంటుంది. ప్రయాణికుడి పేరు ఉండాల్సిన చోట ‘అక్రమ వలసదారు’ అని, ప్రయాణం తేదీ ఫిబ్రవరి 23 అని వేశారు. అది జర్మనీ పార్లమెంటు ఎన్నికల పోలింగ్ రోజు. పెద్దవాళ్లకే గుండె గుభేలుమనే కాగితం, పసిపిల్ల భయపడదా?

అయితే అది ఎవరికోసం అచ్చేశారో ఆలోచించండి. 2015లో హంగరీ ప్రభుత్వం ‘మీరు హంగరీకి వస్తే మావాళ్ల ఉద్యోగాలు లాక్కోకూడదు’ అని వలసదారులకు చెబుతున్నట్టు హోర్డింగులు పెట్టింది. అదీ హంగేరియన్ భాషలో! దారినపోయే శరణార్థికి అందులో ఒక్క ముక్క అర్థం కాదు. చదవాల్సింది స్థానికులు, భయపడాల్సిందీ వాళ్లే. ఈ టికెట్టూ అంతే, ఓటరు కోసం.

ఏఎఫ్‌డీ 2013లో పుట్టింది యూరో కరెన్సీని వ్యతిరేకించడానికి. 2015లో లక్షలమంది శరణార్థులు వచ్చాక వలసే దాని ప్రధాన నినాదమైంది. 2025 ఎన్నికల్లో 20.8 శాతం ఓట్లతో రెండో స్థానంలో నిలిచింది. 2024 ఆగస్టులో జర్మనీలోని జోలింగెన్‌లో ఒక సిరియా శరణార్థి చేసిన కత్తిదాడికి ముగ్గురు బలయ్యారు. అది ఘోరం. మీవారితో మాట్లాడేటప్పుడు దాన్ని చిన్నది చేయకండి, చేస్తే ఆయన ఇంకేదీ వినరు. దాడి చేసినవాడికి శిక్ష పడాల్సిందే, అందులో వాదన లేదు. కానీ ఈ పార్టీలు ఆ ఒక్కడి నేరాన్ని వచ్చినవాళ్లందరి ముఖానా పులుముతాయి. ‘వరద’, ‘దండయాత్ర’ లాంటి మాటలు పదేపదే వింటుంటే, అద్దె ఇల్లు దొరకకపోయినా సరిహద్దు మూసేయాలనే అనిపిస్తుంది.

మీవారి మాటల్లో నాకు ద్వేషం కన్నా బెదురే ఎక్కువ కనిపిస్తోంది. ‘మేం వాళ్లలాంటివాళ్లం కాదు’ అని ముందే చెప్పేసుకుంటే తమ జోలికి రారని ఆశ. ట్రామ్‌లో కస్సుమనేవాడు బ్లూ కార్డ్ చూపించమంటాడా? మీ రంగు చూసే అంటాడు. ఈ మాట ఆయనకూ తెలుసు, ఒప్పుకోవడమే కష్టం. అందుకే పార్టీల గురించి వాదించకండి. ‘ఆఫీసులో నిన్నెవరైనా ఏమైనా అన్నారా?’ అని అడగండి. అడిగి ఊరుకోండి. జవాబు రావడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు.

పాపకు ‘ఏమీ కాదులే’ అని సర్దిచెప్పొద్దు. ‘అది ఓట్ల కోసం వేసిన బొమ్మ, నిజం టికెట్టు కాదు. మనం ఇక్కడ ఉండటానికి కాగితాలున్నాయి’ అని చెప్పి, వాటిని చేతికిచ్చి చూపించండి. బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో కూడా మెల్లిగా కనుక్కోండి. మీ నిద్ర రెండు వారాల్లో దారికి రాకపోతే డాక్టర్‌ని కలవండి.

అన్నట్టు, శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టారా? బ్లూ కార్డ్ ఉన్నవాళ్లకు జర్మన్ భాష బీ1 స్థాయి (రోజువారీ విషయాలు మాట్లాడగలిగే మధ్యస్థాయి) వస్తే, మిగతా షరతులు సరిపోతే, 21 నెలలకే అర్హత వస్తుంది. పెట్టకపోతే ఈ వారాంతం ఇద్దరూ కూర్చుని ఫారాలు నింపండి, పాపను పక్కనే కూర్చోబెట్టుకుని.