ఎనభై వేలు కట్టే ముందు మీ కొట్టు చిట్టా తీయించండి

విజయవాడ వన్‌టౌన్‌లో చీరల కొట్టు నడుపుతున్న ఒక తల్లి రాశారు. అబ్బాయి బీకాం పూర్తి చేశాడు, డేటా అనలిటిక్స్ కోర్సుకి ఎనభై వేలు కట్టమంటున్నాడు, లెక్కల్లో అంతంతమాత్రం. పోయిన సెప్టెంబర్‌లో 8 లక్షలు అమ్మాం కాబట్టి 2026 సెప్టెంబర్‌లో 8.5 లక్షలు దాటుతుందని లెక్క వేశాడట. నమ్మి సరుకు తెప్పించమంటారా అని అడిగారు.

అమ్మా, అంత సరుకు సెప్టెంబర్‌కే తెప్పించకండి. అబ్బాయి కూడిక తప్పు కాదు, నెల తప్పు. 2025లో శరన్నవరాత్రులు సెప్టెంబర్ 22నే మొదలయ్యాయి, అందుకే ఆ నెల బేరం అంత పెరిగింది. 2026లో అధిక జ్యేష్ఠ మాసం అదనంగా ఉంది కాబట్టి పండగలు ఆలస్యంగా వస్తాయి, విజయదశమి అక్టోబర్ 20న. అంటే దసరా కొనుగోళ్లలో ఎక్కువ భాగం అక్టోబర్‌లోకి పోతుంది.

మరి దేంతో పోల్చాలి? 2024తో వద్దు, ఆ సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వరద వచ్చింది, నీళ్లు మీ కొట్టు దాకా రాకపోయినా సింగ్‌నగర్ వైపు జనం బురద కడుక్కునే పనిలో ఉన్నారు గానీ చీరలు కొనే స్థితిలో లేరు. 2023 చూడండి, నవరాత్రులు అక్టోబర్ 15న, దీపావళి నవంబర్ 12న. 2026 దీపావళి నవంబర్ 8న, కాబట్టి ఈ రెండేళ్లూ దగ్గర దగ్గరగా ఉన్నాయి.

మీరు పంపిన అంకెలే తీసుకుందాం. 2023లో సెప్టెంబర్ 4, అక్టోబర్ 8, నవంబర్ 5, మొత్తం 17 లక్షలు. 2025లో అవే నెలలు 8, 7, 3, మొత్తం 18. రెండేళ్లలో పెరిగింది దాదాపు 6 శాతం, ఏడాదికి 3 అనుకుంటే 2026లో మూడు నెలలకీ కలిపి 18.5 లక్షలు. దాన్ని 2023 పాళ్లలో పంచితే సెప్టెంబర్‌కి 4.4, అక్టోబర్‌కి 8.7, నవంబర్‌కి 5.4 వస్తాయి. ఇది కూడా అంచనానే, అక్టోబర్‌కి 8 నుంచి 9.5 మధ్య అనుకుని సరుకు రెండు విడతలుగా తెప్పించుకోండి. ఒకే అంకె పట్టుకుని అప్పు తెచ్చి బీరువాలు నింపితే టెన్షన్ మీకే.

ఇందులో ఎనిమిదో తరగతి శాతాలు తప్ప ఏమీ లేవు, గమనించారా? లెక్కలు రావని వాడిని భయపెట్టకండి. మూఢంలో పెళ్లి చీరలు కదలవని మీకు తెలుసు, వాడు నేర్చుకోవలసింది మీ దగ్గర కూర్చునే.

ఇక కోర్సు సంగతి. ముందు మూడు నెలలు ఆగమనండి. మూడేళ్ల చిట్టా గూగుల్ షీట్స్‌లో ఎక్కించమనండి, నెల మొత్తం ఒక్కటే కాదు, ఎన్ని బిల్లులు, సగటు బిల్లు ఎంత అన్నది విడివిడిగా, ఎందుకంటే ధరలు పెరగడం వేరు, కొనేవాళ్లు పెరగడం వేరు. ఏ రకం ఎప్పుడు అయిపోయిందో కూడా రాయాలి, సరుకు లేక అమ్మకం సున్నా అయితే గిరాకీ లేదని అర్థం కాదు కదా. తర్వాత 2025 చివరి నెలల్ని కప్పేసి, మిగతా వాటితో అంచనా కట్టి, కప్పింది తీసి ఎంత తేడా వచ్చిందో చూసుకోవాలి. ఈ పరీక్ష చాలామంది చెయ్యరు, పాత అమ్మకాల అంకెల మీదుగా ఎక్సెల్‌లో ఒక గీత ముందుకి గీసి, అదే అంచనా అని వదిలేస్తారు. ఆ గీతకి దసరా ఎప్పుడో తెలియదు.

స్టాటిస్టిక్స్ పాఠాలు ఎన్‌పీటెల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల సైట్) ఉచితంగానే ఉన్నాయి, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఎంఐఎస్ (కంపెనీ లెక్కల నివేదికలు తయారుచేసే పని), స్టాక్ ప్లానింగ్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో "ఏం చేశావు" అంటే మీ కొట్టు షీట్ తెరిచి, ఎక్కడ తప్పాడో, ఎందుకు తప్పాడో చెప్పగలగాలి. అప్పటికీ కోర్సు కావాలనే అంటే, ఆ షీట్‌లో తనకి చేతకానిది ఏమిటో రాసుకుని, అది నేర్పే చోట మాత్రమే ఫీజు కట్టండి.