ఎక్స్‌రేలో ఏమీ లేదు, అయినా కుక్క కుంటుతోంది

మీ ప్రశ్న సారాంశం ఇది కదా: ఐదేళ్ల ల్యాబ్రడార్, నెల రోజులుగా ఒక వారం ముందు కాలు, మరో వారం వెనుక కాలు కుంటుతోంది. జ్వరం వస్తూ పోతూ ఉంది. ఎక్స్‌రేలో ఎముకలు బాగున్నాయన్నారు. నొప్పి మందు వాడినన్నాళ్లు తిరుగుతుంది, ఆపగానే మళ్లీ మూలకు చేరుతుంది. రోగమేమిటో తెలియకుండా దీన్ని ఎలా తట్టుకోవాలి అని అడిగారు.

నేను పశువైద్యురాలిని కాదు. విజయవాడలో ఒక మామూలు ఇంట్లో, ఇలాంటి జబ్బే చేసిన నాటు కుక్కను సాకుతున్న మనిషిని. కనుక నా జవాబులో మందుల మోతాదులు ఉండవు. అవి కుక్క బరువు, కాలేయం, మూత్రపిండాల పరిస్థితి చూసి డాక్టరు చెప్పాల్సినవి.

మీరు రాసినవాటిలో అన్నిటికంటే విలువైన వివరం కాలు మారుతోందన్నది. ఎప్పుడూ ఒకే కాలు కుంటితే ముల్లు, బెణుకు, మోకాలి లిగమెంటు తెగడం, తుంటి కీలు అరగడం వంటివి చూస్తారు. ల్యాబ్రడార్లలో తుంటి కీలు సరిగా అమరకపోవడం వంశపారంపర్యంగా వస్తుంది, అది ఎక్స్‌రేలో కనిపిస్తుంది. ఏడాది అటూ ఇటూ వయసున్న పెద్ద జాతి కుక్కల్లో కాళ్లు మారుస్తూ కుంటడం ఎముకల లోపలి వాపు వల్ల కావచ్చు, ఎదిగేకొద్దీ అదే తగ్గుతుంది. కానీ ఐదేళ్ల కుక్కలో కుంటు ఒక కాలి నుంచి ఇంకో కాలికి తిరుగుతూ, పైగా జ్వరం కూడా ఉందంటే రోగం కాలిలో కాదు, ఒంట్లో ఉందని అనుమానించాలి. అప్పుడు కాళ్లకు ఎన్ని ఎక్స్‌రేలు తీసినా లాభం ఉండదు. రక్తంలో, కీలులో ఉండే ద్రవంలో వెతకాలి.

మా చిట్టికి ఇలాగే మొదలైంది. పొద్దున లేవడానికి చాలాసేపు పట్టేది, నాలుగు అడుగులు వేశాక కాస్త సాగేది. ముందు కాళ్ల మణికట్ల దగ్గర ముట్టుకుంటే వేడి, వాపు. మెట్ల దాకా వచ్చి, ఆగి, నా ముఖం చూసేది. ఎన్నడూ ఎవరి మీదా పళ్లు చూపని కుక్క, మా అబ్బాయి వీపు నిమరబోతే గుర్రుమంది. అది కోపం కాదు, నొప్పి. పిల్లలున్న ఇంట్లో ఈ సంగతి మొదటే వివరించి, కొన్నాళ్లు వాళ్లను ఎడంగా ఉంచాలి.

మొదట చూపించిన చోట నొప్పికి సూది వేసి పంపారు. రెండో డాక్టరు కాళ్లు చూడకముందే పెదవి పైకెత్తి చిగుళ్లు చూశారు, తర్వాత పొట్ట కింద చర్మం, చెవుల లోపలి భాగం. అక్కడ సన్నటి ఎర్రని చుక్కలున్నాయి. చర్మం కింద రక్తం చెమర్చిన గుర్తులవి. పూర్తి రక్తపరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు 60 వేలకు పడిపోయి ఉన్నాయి. కుక్కలకు అవి మామూలుగా 2 లక్షల నుంచి 5 లక్షల వరకు ఉండాలి. "పిడుదుల జ్వరం అయ్యుండవచ్చు" అన్నారు.

మన ప్రాంతంలో ఈ కోణాన్ని ముందు తేల్చుకోకుండా మరో పరీక్షకు పరుగెత్తడం అనవసరం. గోధుమ రంగు కుక్క పిడుదు ఎర్లికియా అనే బ్యాక్టీరియాను మోసుకొస్తుంది. అది తెల్ల రక్తకణాల్లో చేరుతుంది. కుట్టిన రెండు మూడు వారాల లోపే జ్వరం, నీరసం, కీళ్ల నొప్పులు కనిపించవచ్చు. లేదా మొదటి విడత దానంతటదే తగ్గినట్టు కనిపించి, నెలలు, ఒక్కోసారి ఏళ్లు దాగి, తర్వాత బయటపడవచ్చు. కాబట్టి "ఈ మధ్య పిడుదులేమీ కనపడలేదండి" అన్న మాటతో దీన్ని కొట్టిపారేయలేం. అదే పిడుదు బబీసియా అనే పరాన్నజీవిని కూడా ఎక్కించగలదు. అది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది, అప్పుడు మూత్రం ముదురు రంగులో వస్తుంది.

ఇక పరీక్షల గురించి. చిట్టి రక్తపు చుక్కను గాజు పలక మీద పూసి చూస్తే సూక్ష్మజీవి కనిపించలేదు. కిట్‌తో చేసిన పరీక్షలోనూ లేదనే వచ్చింది. అప్పుడు నాకు పిచ్చెక్కినంత పనైంది. ఒకరు ఉందంటారు, కాగితం లేదంటుంది! డాక్టరు ఓపికగా చెప్పిన సంగతి ఇది. రక్తపు పూతలో ఎర్లికియా కనపడటం అరుదు. కిట్ చూసేది క్రిమిని కాదు, దాని మీద శరీరం తయారుచేసుకున్న ప్రతిరక్షకాలను. రోగం సోకిన తొలి రోజుల్లో అవి ఇంకా తయారై ఉండవు. తయారయ్యాక, రోగం నయమైనా నెలల తరబడి పోవు. కనుక లేదని వచ్చినంత మాత్రాన లేనట్టు కాదు, ఉందని వచ్చినంత మాత్రాన ఇప్పటి బాధకు అదే కారణమనీ కాదు. పీసీఆర్ పరీక్ష క్రిమి జన్యుపదార్థాన్నే వెతుకుతుంది గనుక కొంత మేలు, దానికి కూడా అప్పుడప్పుడు చిక్కకపోవచ్చు. ఇవన్నీ కలిపి చూసుకుని చాలామంది డాక్టర్లు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టి ఫలితాన్ని గమనిస్తారు. ఆ కోర్సు సాధారణంగా 28 రోజులు. నాలుగో రోజుకే కుక్క తోక ఊపిందని మానేయకండి.

ఆ మాత్రను పాలతో, పెరుగన్నంతో ఇవ్వవద్దన్నారు, కాల్షియం దాన్ని సరిగా ఒంటబట్టనివ్వదట. ఖాళీ కడుపున ఇస్తే వాంతి. మా ఇంట్లో ఇదో పెద్ద పేచీ అయింది, ఎందుకంటే చిట్టి ప్రాణమంతా పెరుగన్నం మీదే. చివరకు ఉడికించిన కోడిమాంసం ముద్దలో పెట్టి, వెనకాలే నీళ్లు తాగించడం కుదిరింది.

జ్వరం తొందరగానే దిగింది, ప్లేట్‌లెట్లు పెరిగాయి. కీళ్లు మాత్రం లొంగలేదు. అప్పుడు మత్తు ఇచ్చి మణికట్టు కీలులోంచి సన్నని సూదితో ద్రవం తీశారు. తీగ సాగాల్సిన ద్రవం నీళ్లలా పలచగా ఉంది, అందులో తెల్ల రక్తకణాలు నిండుగా, బ్యాక్టీరియా మాత్రం లేదు. శరీరంలోని రక్షణ వ్యవస్థే తన కీళ్ల మీద తిరగబడే వాపు ఇది. పిడుదుల జ్వరం దీన్ని రేపి ఉండవచ్చు, లేకపోనూ వచ్చు. చాలా కుక్కల్లో ప్రేరేపించిన కారణం చివరిదాకా దొరకదట. మా చిట్టి విషయంలోనూ దొరకలేదు. వాపు ఎముకను ఇంకా తినేయలేదు కాబట్టి ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. మీ డాక్టరును ఈ ద్రవం పరీక్ష గురించి తప్పక అడగండి. ఊళ్లో సౌకర్యం లేకపోతే గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్‌లలోని పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో విచారించండి. అక్కడ ఖర్చు తక్కువ, నిలబడాల్సిన సమయం ఎక్కువ.

దీనికి వైద్యం స్టెరాయిడ్. ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వస్తారు. ఈ దశలో ఇంట్లోవాళ్లకు ఓపిక కావాలి. కుక్క చెరువులు తాగుతుంది, రాత్రి కూడా మూత్రానికి లేపుతుంది, ఎంత తిన్నా ఆకలంటుంది, ఊరికే రొప్పుతుంది. మోతాదు తగ్గేకొద్దీ ఇవి తగ్గుతాయి. చికాకుపడి మందును ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతున్నన్నాళ్లు ఒంట్లో సహజంగా స్టెరాయిడ్ తయారుచేసే గ్రంథి తన పని మానుకుని ఉంటుంది, మళ్లీ మొదలుపెట్టడానికి దానికి వ్యవధి కావాలి. మరో ముఖ్యమైన సంగతి: నొప్పి మాత్ర, స్టెరాయిడ్ రెండూ కలిస్తే కడుపులో పుండ్లు పడి రక్తస్రావం కావచ్చు. మీరు ఇప్పటికే నొప్పి మందు వాడుతున్నారు కదా, ఏ మందు, చివరి మాత్ర ఎప్పుడు వేశారు అన్నది కొత్త డాక్టరుకు ముందే చెప్పండి.

మన సొరుగులోని మాత్రలైతే అసలు ముట్టుకోవద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ కూడా సొంతంగా వేయదగ్గది కాదు. డైక్లోఫెనాక్‌ను పశువైద్యంలో మన దేశం 2006లోనే నిషేధించింది. అది ఆ మందు పడిన పశువుల కళేబరాలు తిని చనిపోతున్న రాబందుల కోసం చేసిన పని, కుక్కల కోసం కాదు, అయినా మందుల షాపులో "కుక్కకైనా అదేనండీ" అని చేతిలో పెట్టేవారున్నారు. కర్పూరం కలిపిన కొబ్బరినూనె రుద్దమని మాకు కనీసం నలుగురు చెప్పారు. కుక్క తన ఒళ్లు తాను నాకుతుంది, కర్పూరం కడుపులోకి పోతే విషం. ఇలాంటి సలహాలకు నవ్వి ఊరుకోవడం నేర్చుకున్నాను. మా అత్తగారు మాత్రం ఎర్రనీళ్లతో దిష్టి తీస్తానన్నారు, తీయనిచ్చాను. చిట్టికి నష్టం లేదు, ఆవిడకు ఆ రాత్రి నిద్ర పట్టింది.

రోగం తేలని రోజుల్లో మీరు నిజంగా చేయగల పని ఒకటుంది: డాక్టరు చూడలేనిది చూసి పెట్టడం. ఆసుపత్రి గుమ్మం ఎక్కగానే భయానికో హుషారుకో చాలా కుక్కలు కుంటు దాచేస్తాయి. చిట్టి అయితే అక్కడ పరుగులే పెట్టింది! అందుకే పొద్దున నిద్ర లేచిన వెంటనే నడకను ఫోనులో వీడియో తీయండి, పక్క నుంచి ఒకటి, ఎదురుగా ఒకటి. ముందు కాలు నొప్పైతే ఆ కాలు నేల తాకినప్పుడు తల పైకి లేస్తుంది. ఒక నోటుపుస్తకంలో తేదీ, ఏ కాలు, ఎంత తిన్నది, ఏ మందు పడింది రాయండి. జ్వరాన్ని ముక్కు తడి చూసి, చెవి పట్టి తేల్చవద్దు. డిజిటల్ థర్మామీటరుకు కాస్త వేసలీను రాసి మలద్వారంలో పెట్టి చూడాలి. 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు కుక్కకు మామూలే, మన 98.6తో పోల్చి కంగారు పడకండి. మా డాక్టరు ఈ పుస్తకం తిరగేసి, జ్వరం వచ్చిన మరుసటి రోజే కుంటు ఎక్కువవుతోందని పట్టుకున్నారు.

ఇంట్లో మార్చుకోవాల్సిన వాటిలో నేల మొదటిది. మన టైల్స్, గ్రానైటు చల్లగా ఉంటాయని కుక్కలకు ఇష్టమే గాని, జారే నేల మీద ప్రతిసారీ లేవడం నొప్పి కీళ్లకు శిక్ష. దాని దారి పొడవునా పీచు పట్టాలు, జంపఖానాలు పరవండి. పడుకునే చోట పాత చీరల బొంత నాలుగు మడతలు వేస్తే చాలు, ఖరీదైన పరుపు అక్కర్లేదు. గోళ్లు కత్తిరించాలి. గిన్నె కొంచెం ఎత్తున పెడితే మెడ, ముందు కాళ్ల మీద బరువు తగ్గుతుంది. లేవలేని రోజు పొట్ట కింద నుంచి తువాలు వేసి వెనుక భాగాన్ని ఎత్తి పట్టుకోండి. పూర్తిగా కట్టేసి ఉంచితే కండ కరిగిపోతుంది, కాబట్టి డాక్టరు వద్దననంతవరకు చిన్న చిన్న నడకలు మేలు. ల్యాబ్రడార్ గనుక బరువు మీద కన్నేయండి, స్టెరాయిడ్ ఆకలికి జాలిపడి బిస్కెట్లు పెడితే కీళ్లే మోయాలి.

పిడుదుల మందు కుక్కకు వేస్తే సగం పనే. ఆ పిడుదు జీవితంలో ఎక్కువ భాగం కుక్క మీద కాదు, మీ ఇంటి గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనుక, మంచం కింద గడుస్తుంది. ఆడ పిడుదు కిందికి దిగి వేల గుడ్లు పెడుతుంది. కుక్క మీది దాన్ని వేళ్లతో నలపకుండా పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని లాగి స్పిరిట్‌లో వేయండి. కిరోసిన్ పూయవద్దు. నెలకో మూడు నెలలకో ఒకసారి ఇచ్చే మాత్రలు ఇప్పుడు దొరుకుతున్నాయి. మూర్ఛలు వచ్చే కుక్కైతే ఆ సంగతి చెప్పి మరీ అడగాలి.

ముక్కులోంచి రక్తం, నల్లటి విరేచనం, తెల్లబడిన చిగుళ్లు, కాఫీ రంగు మూత్రం, నిద్రలో కూడా ఆగని ఆయాసం, అస్సలు లేవలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారే దాకా ఆగకండి.

తట్టుకోవడం గురించి అడిగారు గనుక చెబుతున్నా, నన్ను ఎక్కువగా అలసిపోయేలా చేసింది చిట్టి కాదు, "కుక్కకు ఇంత ఖర్చా" అన్న మాట. దానికి జవాబు చెప్పడం మానేశాక కొంత శక్తి మిగిలింది. రాత్రి కాపలా మా ఆయన, నేను వంతులు వేసుకున్నాం. ఇద్దరూ మేలుకుంటే ఇద్దరూ పోట్లాడుకుంటారు, ఇది అనుభవంతో అంటున్నా. అర్ధరాత్రి ఫోనులో రోగాల పేర్లు వెతకడం మా ఇంట్లో నిషిద్ధం, అనుమానాలన్నీ నోటుపుస్తకం చివరి పేజీలోకి పోతాయి, మరుసటిసారి డాక్టరును అడగడానికి.

చిట్టి ఇప్పుడు స్టెరాయిడ్ లేకుండానే ఉంది. ఒకసారి రోగం తిరగబెట్టింది, మళ్లీ మందు పెంచి మళ్లీ తగ్గించారు. చలికాలం పొద్దుటి పూట బిగుసుకుంటుంది, కాసేపటికి సర్దుకుంటుంది. మీ కుక్క రక్తపరీక్షలో ప్లేట్‌లెట్ల సంఖ్య, ప్రస్తుతం వాడుతున్న నొప్పి మందు పేరు, పిడుదుల మందు చివరిసారి ఎప్పుడు వేశారో కింద రాయండి. డాక్టరును ఏమేమి అడగాలో చెప్పడానికి నాకు వీలవుతుంది.