స్క్రిప్ట్ ఆపితే పేజీ ఎందుకు మాయమవ్వాలి?

ప్రశ్న: భద్రత కోసం ఫోన్ బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ ఆపేశాను. అప్పటి నుంచి చాలా సైట్లు తెల్ల కాగితంలా వస్తున్నాయి. తప్పు నాదా, సైట్లదా?

జవాబు: ఈ నెలలో ఇదే ప్రశ్న రావడం నాలుగోసారి. జావాస్క్రిప్ట్ అంటే పేజీతో పాటు వచ్చి మీ బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రాం, దాన్నే స్క్రిప్ట్ అంటున్నాను. తప్పు చాలావరకు సైట్లదే. మ్యాప్ జరపాలన్నా, వీడియో కాల్ చేయాలన్నా స్క్రిప్ట్ కావాలి, ఒప్పుకుంటాను. హాల్ టికెట్ నంబర్ కొడితే ఆరు సబ్జెక్టుల మార్కులు చూపడానికి ఎందుకండీ? ఆ పట్టికను సర్వరే, అంటే సైటును నడిపే కంప్యూటరే, తయారుచేసి పంపగలదు. 1995లో జావాస్క్రిప్ట్ పుట్టకముందే వెబ్‌లో ఫారాలు నింపి పంపేవాళ్లు.

‘స్క్రిప్ట్ ఆపుకునేవాళ్లు ఎంతమంది?’ అని డెవలపర్లు కొట్టిపారేస్తారు. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం 2013లో తమ సైటులో లెక్క తీసింది. సైటుకు వచ్చినవాళ్లలో స్క్రిప్ట్ అందనివాళ్లు 1.1 శాతం. ఆ 1.1లో స్క్రిప్ట్ ఆపుకున్నవాళ్లు, అది నడవని బ్రౌజర్లు వాడేవాళ్లు కలిపి 0.2 మాత్రమే. మిగతావాళ్లు ఏమీ ఆపలేదు, అయినా స్క్రిప్ట్ నడవలేదు. బస్సులో సిగ్నల్ పోతే మీకూ నాకూ జరిగేది అదే. కాబట్టి ఇది జాగ్రత్తపరుల గొంతెమ్మ కోరిక కాదు.

నాకు అసలు టెన్షన్ వేరే ఉంది. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సైటులోని ఒక స్క్రిప్ట్ ఫైలులో దొంగలు 22 వరుసల కోడు చేర్చారు. టికెట్ కొనేవాళ్లు కొట్టిన కార్డు నంబరు, సీవీవీ నేరుగా వాళ్లకు చేరాయి. సైటు అసలుదే, అడ్రస్ బార్‌లో తాళం గుర్తూ ఉంది. కొన్నవాళ్లకు అనుమానం రావడానికి ఆస్కారమే లేదు. 2024లో పాలీఫిల్ అనే స్క్రిప్టును అందించే డొమైన్ (వెబ్ చిరునామా) చేతులు మారింది, ఆ తర్వాత అక్కడి నుంచి హానికర కోడు రావడం మొదలైంది. దాన్ని తెచ్చుకుంటున్న లక్షకు పైగా సైట్లు రాత్రికి రాత్రి ప్రమాదంలో పడ్డాయి. ఎవరో రాసిన కోడును డబ్బు కట్టే పేజీలోకి తెచ్చి, అది ఏం చేస్తోందో చూడకుండా వదిలేయడం ఇంటి తాళంచెవి వీధిలో పెట్టడమే.

మీరు మాత్రం పూర్తిగా ఆపి కూర్చోకండి. సైట్ సెట్టింగ్స్‌లో జావాస్క్రిప్ట్ ఆపే ఉంచి, నమ్మిన సైట్లను మాత్రం అనుమతించిన జాబితాలో చేర్చండి. అయితే బ్యాంకు, టికెట్ల సైట్లను ఎలాగూ అనుమతించాల్సిందే, దొంగతనం జరిగేదీ అలాంటి చోటే. విదేశీ సైట్లు చాలావరకు ఓటీపీ అడగకుండానే కార్డు తీసుకుంటాయి కాబట్టి దొంగిలించిన నంబరు అక్కడ చెల్లిపోతుంది. అందుకని ఈ రోజే బ్యాంకు యాప్ తెరిచి కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆఫ్ చేయండి, ఆన్‌లైన్ పరిమితి తగ్గించండి. రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధనల వల్ల ఆ స్విచ్ మీ చేతిలోనే ఉంది.