రెండు నామినేషన్లు పంపబోతున్న శాఖాధ్యక్షురాలికి

చిరంజీవికి ఆశీస్సులు.

పరిశోధక విద్యార్థుల పురస్కారానికి ఒక పేరు, ఉత్తమ గైడు (పరిశోధన పర్యవేక్షకుల) పురస్కారానికి ఇంకొక పేరు మీ శాఖ నుంచి పంపాలనీ, రెండు నామినేషన్లూ తయారుచేసే భారం శాఖాధ్యక్షురాలిగా నీ మీదే పడిందనీ రాశావు. ఇలాంటి ఎంపిక సంఘాల్లో చాలాకాలం కూర్చున్న అనుభవం ఉంది కాబట్టి, ఎంపిక చేసేవాళ్ల కంటికి ఆ కాగితాలు ఎలా ఆనతాయో నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను.

విద్యార్థి నామినేషన్ చేతికి వచ్చినప్పుడు సభ్యులందరికీ కలిగే సందేహం ఒకటే: ఈ పనిలో ఈ అమ్మాయి సొంతంగా చేసినది ఎంత, గైడు చేయించినది ఎంత? గైడు నామినేషన్ దగ్గరికి వచ్చేసరికి అదే సందేహం తిరగబడుతుంది. ఈ విద్యార్థులు ఎవరి దగ్గర చేరినా ఇంతవాళ్లు అయ్యేవాళ్లేనా, లేక ఈయన దగ్గర చేరడం వల్ల అయ్యారా అని అడుగుతారు. ఎవరు ఏం చేశారో విడదీసి, ఆధారాలతో చెప్పిన నామినేషన్ చర్చలో నిలుస్తుంది. తక్కినవి ఎంత గొప్ప విశేషణాలతో నిండి ఉన్నా మొదటి వడపోతలోనే పోతాయి.

పని మొదలుపెట్టే ముందు నిబంధనలు నువ్వే స్వయంగా చదువు. గుమాస్తా చెప్పిన సారాంశం మీద ఆధారపడకు. వైవా (మౌఖిక పరీక్ష) ఏ తేదీల మధ్య పూర్తయి ఉండాలి, పట్టా చేతికి వచ్చి ఉండాలా లేక సిద్ధాంత గ్రంథం (పీహెచ్‌డీ థీసిస్) ఆమోదం పొందితే చాలా, లేఖలు ఎన్ని, పేజీల పరిమితి ఎంత అన్నవి ప్రతి పురస్కారానికీ మారుతూనే ఉంటాయి. అమెరికాలో కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ 1982 నుంచి ఏటా ఇస్తున్న సిద్ధాంత గ్రంథ పురస్కారాన్నే తీసుకుంటే, జ్ఞానరంగాలను నాలుగు భాగాలుగా చేసి, ఒక్కో ఏడాది రెండు భాగాలకే ఇస్తారు. ఈ ఏడాది సామాజిక శాస్త్రాల వంతు కాకపోతే ఆ రంగం విద్యార్థి గ్రంథం ఎంత గొప్పదైనా ఈ ఏడాదికి అక్కరకు రాదు. మీ విశ్వవిద్యాలయంలో గెలిచినవాళ్లను ఇలాంటి పెద్ద పురస్కారాలకు పంపే ఆనవాయితీ ఉంటే, ఆ పై గడువులు కూడా ఇప్పుడే చూసిపెట్టుకో.

ఇక విద్యార్థిని ఎంచుకోవడం. అచ్చయిన పేపర్లు లెక్కపెట్టి పేరు తేల్చేయడం అన్నిటికన్నా సులువైన పద్ధతి, అందుకే శాఖలన్నీ దాన్నే పట్టుకుంటాయి. ప్రయోగశాలలో నలుగురితో కలిసి పనిచేసే విద్యార్థికి మూడేళ్లలో అరడజను పేపర్లు రావచ్చు. అదే కాలంలో ఒక గణిత విద్యార్థికి ఒక్కటి కూడా రాకపోవచ్చు, ఆ రాబోయే ఒక్కటే రంగాన్ని మార్చేది కావచ్చు. గణితవేత్త జాన్ నాష్ 1950లో ప్రిన్స్‌టన్‌లో సమర్పించిన సిద్ధాంత గ్రంథం నిండా ముప్పై పేజీలైనా లేదు. పోటీపడేవాళ్లు తీసుకునే నిర్ణయాల గురించి అందులో చెప్పిన సమతాస్థితి భావనకే 1994లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ పురస్కారం వచ్చింది. కాబట్టి గ్రంథాలను నిజంగా చదివి తేల్చే ముగ్గురితో ఒక చిన్న సంఘం వెయ్యి. పోటీలో ఉన్న విద్యార్థుల గైడులెవరూ అందులో ఉండకూడదు. కిందటేడు ఫలానా గైడు విద్యార్థికి వచ్చింది కాబట్టి ఈ ఏడాది మరొకరి వంతు అనే వాదన ఎవరో ఒకరు తప్పకుండా తెస్తారు, పెద్దవాళ్లే తెస్తారు. దాన్ని మర్యాదగా విని పక్కన పెట్టు.

ఎవరు ఏం చేశారన్న విషయం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నామినేషన్లలో అన్నిటికన్నా బలహీనంగా ఉండేది ఆ భాగమే. 1967లో కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థినిగా ఉన్న జోస్లిన్ బెల్, తాను కూడా చేయి వేసి కట్టిన రేడియో టెలిస్కోపు నుంచి వచ్చే చార్టు కాగితాలను ఓపికగా చదువుతూ, వాటిలో ఎక్కడా ఇమడని ఒక చిన్న గీతల గుంపును గుర్తించింది. క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే పల్సార్లు అనే నక్షత్రాల ఆవిష్కరణ అదే. ఆమె గ్రంథం అసలు వేరే అంశం మీద కాబట్టి, అందులో పల్సార్ల విషయం అనుబంధంగా మాత్రమే చోటు చేసుకుంది. 1974లో నోబెల్ పురస్కారం ఆమె గైడు ఆంటొనీ హ్యూయిష్‌కు, మార్టిన్ రైల్‌కు వెళ్లింది. దానికి భిన్నంగా, డోనా స్ట్రిక్లండ్ రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో విద్యార్థినిగా ఉండగా గైడు జెరార్డ్ మూరూతో కలిసి 1985లో లేజర్ స్పందనల మీద రాసిన పేపరులో మొదటి పేరు ఆమెదే; 2018లో నోబెల్ పురస్కారంలో ఆ పనికి వచ్చిన భాగాన్ని ఇద్దరూ సమానంగా పంచుకున్నారు. విద్యార్థి చేసిన పని కాగితం మీద ఏ రూపంలో మిగులుతుందన్నది చిన్న విషయం కాదని చెప్పడానికే ఈ రెండూ ఎత్తాను.

అందుచేత గ్రంథంలోని ఒక్కొక్క అధ్యాయానికీ ఒక చిన్న పేరా రాయించు. ఆలోచన ఎవరికి తట్టింది, పద్ధతి ఎవరు రూపొందించారు, సమాచారం ఎవరు సేకరించారు, ఫలితాన్ని మొదట ఎవరు అర్థం చేసుకున్నారు, రాసింది ఎవరు అన్నవి అందులో ఉండాలి. పేపరులో సహరచయితలు ఉంటే వాళ్లకు ఈ పేరా చూపించి ఒప్పుకోలు తీసుకో. గైడు ఇచ్చిన సమస్యనే విద్యార్థి సాధించి ఉంటే అలాగే రాయండి, అందులో చిన్నతనమేమీ లేదు. అన్నీ తానే చేసినట్టు రాసిన కాగితాన్ని అనుభవం ఉన్న సభ్యుడెవరూ నమ్మడు. ఒకటి రెండు చోట్ల ఇది నా గైడు ఆలోచన అని చెప్పిన విద్యార్థి మిగతా చోట్ల ఇది నాది అంటే అందరూ నమ్ముతారు. సాహిత్యంలోనూ చరిత్రలోనూ ఇబ్బంది వేరేగా ఉంటుంది. అక్కడ పని ఎలాగూ ఒంటరిగా చేసినదే కాబట్టి, ఇంతకుముందు పండితులు ఎక్కడిదాకా వచ్చి ఆగారో, ఈ గ్రంథం అక్కడి నుంచి ఎంత దూరం వెళ్లిందో చూపించాలి.

గ్రంథ సారాంశాన్ని విద్యార్థే రాయాలి, కానీ మీ శాఖ కోసం రాయకూడదు. విశ్వవిద్యాలయ స్థాయి సంఘంలో ఒక రసాయన శాస్త్రజ్ఞుడు, ఒక భాషాశాస్త్రవేత్త, ఒక ఇంజనీరు పక్కపక్కన కూర్చుని ఉంటారు. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో మొదలుపెట్టిన మూడు నిమిషాల థీసిస్ పోటీలో విద్యార్థి ఒకే ఒక స్లయిడుతో, మూడు నిమిషాల్లో, విషయం తెలియని శ్రోతలకు తన పరిశోధన చెప్పాలి. సమయం దాటితే పోటీ నుంచి తప్పిస్తారు. మీ అభ్యర్థి చేత సారాంశం రాయించే ముందు ఒకసారి అలా చెప్పించి చూడు, వేరే శాఖ వాళ్లనిద్దరిని పిలిచి కూర్చోబెట్టు. వాళ్లు అర్థం కాక ఎక్కడ ఆపి అడుగుతారో అక్కడే సారాంశం తిరగరాయాలి.

సిఫారసు లేఖల విషయంలో నాకు కొంచెం పట్టుదల ఎక్కువ. విద్యార్థినే రాసుకు రమ్మని గైడు సంతకం పెట్టి ఇచ్చే అలవాటు చాలాచోట్ల ఉంది; మీ శాఖలో ఉంటే ఈ ఏడాదితో మాన్పించు. అది నిజాయితీ లేని పని అన్నది అలా ఉంచినా, అలాంటి లేఖ సంఘానికి ఎందుకూ పనికిరాదు, ఎందుకంటే గైడుకు మాత్రమే తెలిసిన విషయాలు అందులో ఉండవు. గ్రంథ పరీక్షకుల్లో ఒకరి చేత, అంటే విద్యార్థితో ఏ బంధమూ లేనివారి చేత, ఒక లేఖ రాయించగలిగితే దానికి బరువెక్కువ. నువ్వు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. అమెరికాలో ఒక వైద్య కళాశాల అధ్యాపక నియామకాలకు వచ్చిన మూడు వందలకు పైగా సిఫారసు లేఖలను పరిశీలించిన అధ్యయనం 2003లో అచ్చయింది. స్త్రీల కోసం రాసిన లేఖలు సగటున పొట్టిగా ఉన్నాయనీ, వాటిలో పరిశోధన ప్రస్తావన తక్కువగానూ, కష్టపడి పనిచేస్తుంది వంటి మాటలూ సందేహం రేపే వాక్యాలూ ఎక్కువగానూ ఉన్నాయనీ అది చూపింది. ఆ లేఖలు రాసినవాళ్లు చాలామంది మంచి మనసుతోనే రాసి ఉంటారు. కాబట్టి లేఖ అడిగేటప్పుడే, విద్యార్థి స్వభావం గురించి కాక ఫలితం గురించి రాయమని, ఏ అధ్యాయంలో ఏది కొత్తదో చెప్పమని అందరినీ ఒకే తీరుగా కోరు.

గైడు పురస్కారం ఇంతకన్నా చాలా కష్టమైన వ్యవహారం. పాతికమంది చేత పీహెచ్‌డీ చేయించారన్న అంకెతో మొదలయ్యే నామినేషన్లు ఎన్నో వస్తాయి. ఆ అంకె ఆయన దగ్గర సీట్లు ఎన్ని ఉన్నాయో చెబుతుంది, అంతే. ఎంతమంది చేరితే పాతికమంది పూర్తిచేశారు, ఎన్నేళ్లకు పూర్తిచేశారు, మధ్యలో మానేసినవాళ్లు ఎందుకు మానేశారు అన్నవి దానితో పాటు చెప్పకపోతే ఆ అంకెకు విలువ లేదు. మెరికల్లాంటి విద్యార్థులను మాత్రమే తీసుకుని, వాళ్ల విజయాలను తన ఖాతాలో వేసుకునే గైడు ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఒకరిద్దరు ఉంటారు, వాళ్ల నామినేషన్లే అన్నిటికన్నా మందంగా ఉంటాయి.

మంచి గైడు ఏం చేశాడో చెప్పగలిగేది విద్యార్థులే. అయితే ఇప్పుడు ఆయన దగ్గర పనిచేస్తున్నవాళ్లను లేఖ రాయమనడం న్యాయం కాదు. వాళ్ల గ్రంథం, ఫెలోషిప్పు, రేపటి ఉద్యోగం ఆయన సంతకం మీద ఆధారపడి ఉన్నప్పుడు వాళ్లు కాదని ఎలా అంటారు? బయటికి వెళ్లి స్థిరపడినవాళ్లను అడుగు. నేచర్ అనే విజ్ఞానశాస్త్ర పత్రిక 2005 నుంచి ఇస్తున్న మెంటారింగ్ (చిన్నవాళ్లకు దారి చూపి ఎదగనివ్వడం) పురస్కారాలకు, ఆ శాస్త్రవేత్త వృత్తిజీవితంలోని వేర్వేరు దశల్లో ఆయన దగ్గర ఎదిగినవాళ్లు కొందరు కలిసి పేరు ప్రతిపాదించాలన్న పద్ధతి ఉంది. అది చాలా తెలివైన పద్ధతి, ఎందుకంటే మొదటి విద్యార్థి చెప్పిందీ పదిహేనేళ్ల తరువాతి విద్యార్థి చెప్పిందీ కలిస్తే అది ఆయన స్వభావం అని తేలుతుంది. లేఖలు నేరుగా నీకే రావాలి, గైడు వాటిని చూడకూడదు, ఆ మాట అడిగేటప్పుడే స్పష్టంగా చెప్పాలి.

ఏం అడగాలన్నది కూడా నువ్వే నిర్ణయించు, లేకపోతే అన్ని లేఖలూ తండ్రిలాంటివారు, తల్లిలాంటివారు అనే మాటలతో నిండిపోతాయి. అవి అబద్ధాలు కావు గాని, వాటితో ఒకరిని ఇంకొకరితో పోల్చడం అసాధ్యం. మీరు రాసిన అధ్యాయం ఎన్ని రోజుల్లో తిరిగి వచ్చేది, ఏ రకమైన సవరణలతో వచ్చేది? మీ ఫలితం ఆయన నమ్మకానికి ఎదురు వచ్చినప్పుడు ఏం జరిగింది? పేపరులో పేర్ల వరస ఎప్పుడు, ఎలా తేల్చారు? ఫెలోషిప్పు ఆగినప్పుడు, ఇంట్లో కష్టం వచ్చినప్పుడు, ప్రయోగం నెలల తరబడి విఫలమైనప్పుడు ఆయన చేసిన పని ఏమిటి? విశ్వవిద్యాలయం వదిలి పరిశ్రమలోకో పాఠశాల బోధనకో వెళతానన్నప్పుడు సాయం చేశారా, ముఖం చాటేశారా? ఇలాంటి ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో సంఘటనలు ఉంటాయి, వాటిని సంఘం తూచగలదు. వీలైతే డిగ్రీ పూర్తిచేయకుండా వెళ్లిపోయినవారిలో ఒకరినో, మధ్యలో వేరే గైడు దగ్గరికి మారినవారినో కూడా అడుగు. ఒక విద్యార్థి తన దగ్గర ఇమడలేకపోతున్నాడని గ్రహించి, తగిన మరొకరి దగ్గరికి గౌరవంగా పంపించిన గైడును నేను చాలా పైన ఉంచుతాను.

మెంటారింగ్ అనేది పుట్టుకతో వచ్చే గుణమని మన తరం వాళ్లలో చాలామంది నమ్మకం. అమెరికా జాతీయ అకాడమీలు 2019లో ప్రచురించిన నివేదిక మాత్రం అది నేర్చుకోదగిన, కొలవదగిన నైపుణ్యమనే చెబుతుంది. ఆ మాట నిజమైతే పురస్కారం పెద్ద వయసువాళ్లకే పోవాల్సిన పని లేదు. ముగ్గురు విద్యార్థులనే తయారుచేసినా శ్రద్ధగా, ఒక పద్ధతి ప్రకారం చేసిన చిన్న అధ్యాపకురాలి పేరు నీ ముందుకు వస్తే వయసు చూసి వెనక్కి తగ్గకు. ఇంకొక మాట, ఎవరికీ చెప్పకుండా చేయాల్సింది: పేరు పంపే ముందు ఆ గైడు మీద విచారణలో ఉన్న ఫిర్యాదులేమైనా ఉన్నాయేమో సంబంధిత కార్యాలయంలో అడిగి తెలుసుకో. పురస్కారం ప్రకటించాక అలాంటిది బయటపడితే, నోరు మెదపలేక ఊరుకున్న విద్యార్థికి అది రెండో దెబ్బ.

ఎంపిక కానివాళ్ల సంగతి కూడా నీదే. ఒకసారి గుర్తింపు పొందినవాళ్లకే మళ్లీ మళ్లీ గుర్తింపు చేరుతుందని సమాజ శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లోనే రాశాడు, శాఖల్లో అది ఇప్పటికీ కనిపిస్తుంది. ఫెలోషిప్పు వచ్చినవాడికే పురస్కారం, పురస్కారం వచ్చినవాడికే ఉద్యోగం. కాబట్టి రెండో స్థానంలో ఉన్నవాళ్ల కాగితాలు పారేయకు. ఎక్కడ తగ్గిందో వాళ్లకు నేరుగా చెప్పి, వృత్తి సంఘాలు తమ రంగంలో ఇచ్చే సిద్ధాంత గ్రంథ పురస్కారాల్లో సరిపోయేదానికి ఆ కాగితాలనే పంపించు.

లేఖలు రాసేవాళ్లకు కనీసం ఆరు వారాల వ్యవధి ఇవ్వు, గడువుకు పది రోజుల ముందు ఒకసారి గుర్తుచెయ్యి. విద్యార్థి సారాంశం, అధ్యాయాల వారీ వివరణ సిద్ధమయ్యాక నాకు పంపితే చదివి, అర్థం కాని చోట్ల గుర్తులు పెట్టి పంపుతాను. మీ రంగం నాకు అంతగా తెలియకపోవడం ఆ పనికి మేలే. పాత విద్యార్థుల లేఖలు మాత్రం పంపకు. అవి నువ్వూ ఎంపిక సంఘమూ తప్ప వేరెవరూ చూడరని వాళ్లకు మాట ఇచ్చి ఉంటావు.