తమ్ముడి ఒప్పందం 72 లక్షలు.. చేతికి వచ్చేది ఎంత?

ప్రశ్న: మాది హనుమకొండ. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మా తమ్ముడికి 22 ఏళ్లు. జేఎన్‌ఎస్ గ్రౌండులో ఆడుతూ పెరిగినవాడు. ఈ ఏడాది వేరే రాష్ట్రంలోని ఒక ఫుట్‌బాల్ క్లబ్బుతో మూడేళ్లకు 72 లక్షలకు సంతకం చేశాడు. ఆ అంకె పేపర్లో పడ్డప్పటి నుంచి మా ఇంటికి వచ్చిపోయేవాళ్లు ఎక్కువయ్యారు. మేనమామ 10 లక్షల చిట్టికి తమ్ముడి షూరిటీ అడుగుతున్నాడు. మామునూరు వైపు ఇల్లు కొనమని, 60 లక్షల లోన్ ఇప్పిస్తానని ఒకాయన వెంటపడుతున్నాడు. సొంతిల్లు కావాలని అమ్మకూ ఆశ. మొన్న తమ్ముడు పెనాల్టీ మిస్ చేస్తే, వాడు కొన్న సెకండ్ హ్యాండ్ కారు ఫొటో పెట్టి ‘ఇందుకేనా లక్షలు ఇచ్చేది’ అని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పారు. వాడికి నిద్ర పట్టడం లేదు. డబ్బు వ్యవహారం నేనే చూడాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ 72 లక్షలను మీ ఇంట్లోవాళ్ల మనసులోంచి తీసేయాలి. ఊరు ఆ అంకెనే చూస్తోంది. చూడనివ్వండి. మీరు కూడా ఆ అంకెను చూసి ఖర్చు పెడితేనే ఇబ్బంది.

ఒక తెల్లకాగితం తీసుకోండి. మూడేళ్లకు 72 లక్షలంటే ఏడాదికి 24, నెలకు 2 లక్షలు. క్లబ్బు దీన్ని ప్రొఫెషనల్ ఫీజుగా ఇస్తుంటే 10 శాతం టీడీఎస్ (క్లబ్బే ముందుగా కోసుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) పోతుంది, అంటే 20 వేలు. ఏజెంటుకు 5 శాతం ఇస్తున్నారనుకుంటే ఇంకో 10 వేలు. ఏజెంటు ఫీజును ఖర్చు కింద తీసేశాక ఏడాది ఆదాయం 22.8 లక్షలు. 2025-26 కొత్త పన్ను విధానం శ్లాబుల్లో సెస్సుతో కలిపి పన్ను 2,80,800 అవుతుంది. టీడీఎస్ కింద వెళ్లింది 2,40,000. మిగిలిన 40,800 మీరే అడ్వాన్స్ టాక్సుగా జూన్ 15, సెప్టెంబర్ 15, డిసెంబర్ 15, మార్చి 15 గడువుల్లో కట్టాలి. దానికి నెలకు 3,400 పక్కన పెడితే, చేతికి వచ్చేది 1,66,600. ఇదీ మీ తమ్ముడి అసలు అంకె. ఒప్పందం ఉద్యోగ జీతం కింద రాసి ఉంటే లెక్క మారుతుంది. ఫీజు కింద ఉంటే ఏడాది రాబడి 20 లక్షలు దాటింది కాబట్టి జీఎస్టీ సంగతి కూడా తేల్చుకోవాలి. అందుకే ఒప్పందం కాగితాలు పట్టుకుని ఈ నెలలోనే ఆడిటర్‌ను కలవండి.

ఈ లక్షా అరవై ఆరు వేలు కూడా ప్రతి నెలా ఒకటో తారీఖున పడుతుందని అనుకోకండి. భయపెట్టడానికి చెప్పడం లేదు. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీలోనే ఆ తర్వాత ఆటగాళ్ల జీతాలు ఆగిపోయాయి. 2025లో ఆ జట్టే హైదరాబాద్ వదిలి ఢిల్లీకి వెళ్లిపోయింది. అదే ఏడాది లీగ్ హక్కుల ఒప్పందం తేలక సీజన్ మొదలుకాకపోతే, బెంగళూరు ఎఫ్‌సీ మొదటి జట్టు ఆటగాళ్ల, సిబ్బంది జీతాలు ఆపేస్తున్నట్టు బహిరంగంగానే ప్రకటించింది. పేరున్న క్లబ్బుల పరిస్థితే అలా ఉంది. రెండు నెలల జీతం అన్యాయంగా ఆపితే 15 రోజుల గడువుతో లిఖితపూర్వకంగా నోటీసిచ్చి ఒప్పందం రద్దు చేసుకునే దారి ఫిఫా నిబంధనల్లో ఉంది. మీ తమ్ముడి ఒప్పందంలో దీని గురించి ఏం రాశారో చదవండి. దెబ్బ తగిలి ఆడలేకపోతే జీతం వస్తుందా, ఆపరేషన్ ఖర్చు ఎవరిది అన్నది కూడా అందులోనే చూడండి.

కాబట్టి మొదటి పని ఏడాది ఖర్చును పోగేసుకోవడం. అక్కడ వాడి ఖర్చు, ఇక్కడ మీ ఇంటి ఖర్చు కలిపి నెలకు 65 వేలు అనుకుంటే 7.8 లక్షలు కావాలి. నెలకు లక్ష మిగిలితే ఎనిమిది నెలల్లో చేరిపోతుంది. రెండు బ్యాంకుల్లో ఎఫ్‌డీలు చేయండి, ఎందుకంటే ఒక్కో బ్యాంకులో డిపాజిట్ ఇన్సూరెన్స్ 5 లక్షల వరకే. అది నిండేదాకా ప్లాటు, ఇల్లు, బంగారం ఏవీ వద్దు.

ఇక ఇల్లు. 60 లక్షల లోన్, 20 ఏళ్లు, 8.5 శాతం వడ్డీ అంటే ఈఎంఐ దాదాపు 52 వేలు. ఇప్పుడు వాడి చేతికొచ్చే దాంట్లో మూడో వంతే కదా అనిపిస్తుంది. కానీ వాడి ఒప్పందం మూడేళ్లు. ఫుట్‌బాలర్ ఆట సాధారణంగా ముప్పై దాటిన నాలుగైదేళ్లకే ముగిసిపోతుంది. లోన్ తీరేసరికి వాడికి 42 ఏళ్లు. మధ్యలో ఏడెనిమిదేళ్లు ఆ ఈఎంఐ ఎవరు కడతారు? బ్యాంకు మిమ్మల్ని కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టమంటే అది మీ టీచర్ జీతం మీద పడుతుంది. మామునూరు విమానాశ్రయానికి 2025లో అనుమతి వచ్చాక ఆ వైపు ప్లాట్లు అమ్మేవాళ్ల హడావిడి అంతా ఇంతా కాదు. రేపు వచ్చే విమానాల ధరను మీ దగ్గర ఈరోజే వసూలు చేయనివ్వకండి. ఇల్లు ఎక్కడికీ పోదు. రెండేళ్లు ఆగి, చేతిలో ఉన్న డబ్బుతో సగానికి పైగా కట్టగలిగినప్పుడు కొనండి. ఈలోగా ఉన్న ఇంటికి వంటగది, స్లాబు మరమ్మతు లాంటివి చేయిస్తే అమ్మకూ సంతోషం.

తల్లికి ఇల్లు కొనాలనుకోవడం ఏ కోశానా తప్పు కాదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, రేపు ఇల్లు కొన్నా అనేవాళ్లు అంటారు. 2018 డిసెంబర్‌లో ఇంగ్లండ్ ఆటగాడు రహీం స్టెర్లింగ్ ఒకే పత్రికలో వచ్చిన రెండు వార్తలను పక్కపక్కన పెట్టి చూపించాడు. మాంచెస్టర్ సిటీ క్లబ్బుకు చెందిన ఇద్దరు కుర్రాళ్లు తమ తల్లులకు ఇళ్లు కొన్నారు. తెల్ల కుర్రాడు ఫిల్ ఫోడెన్ గురించి అమ్మకు ఇల్లు కొన్నాడని ముచ్చటగా రాశారు. నల్ల కుర్రాడు టోసిన్ అడరబియో గురించి రాసేటప్పుడు మాత్రం వాడి వారం జీతం, ఇంకా లీగ్ మ్యాచ్‌లో మొదటి పదకొండులో ఆడలేదన్న సంగతి హెడ్డింగ్‌లోనే పెట్టారు. చేసిన పని ఒకటే. మీ తమ్ముడు పెనాల్టీ మిస్ చేయడానికి, వాడి కారుకు సంబంధం లేనట్టే, ఆ ఇంటికి ఆటకు సంబంధం లేదు. వాడు నిద్ర పోగొట్టుకోవాల్సిన మాట కాదది. గ్రూపుల్లో సమాధానాలు ఇవ్వొద్దనండి, మీరూ ఇవ్వకండి. ఎవరైనా జీతం అడిగితే నవ్వి ఊరుకోండి, అంకె మాత్రం చెప్పొద్దు. వచ్చే ఒప్పందంలో మొత్తం బయటపెట్టకుండా ఏజెంటుతో ముందే మాట్లాడుకోండి.

మేనమామ చిట్టి విషయంలో మాత్రం నేను గట్టిగా వద్దంటాను. పాట పాడి చిట్టి ఎత్తుకున్న మనిషి మిగతా వాయిదాలు కట్టకపోతే, కంపెనీ వచ్చేది షూరిటీ దగ్గరికే. లీగల్ నోటీసు మీ తమ్ముడి పేరు మీద వస్తుంది. ఫుట్‌బాలర్‌కు నోటీసు అంటే అది మళ్లీ వార్త. ‘మామా, షూరిటీ సంతకాలు ఎవరికీ పెట్టొద్దని ఆడిటర్ చెప్పాడు’ అనండి, నెపం ఆడిటర్ మీదకు తోసేయండి. బంధువులకు సాయం చేయాలని ఉంటే ఏడాదికి లక్ష అని ఒక పద్దు పెట్టుకోండి. పిల్లల ఫీజు, ఆసుపత్రి లాంటి వాటికి తిరిగి అడగకుండా ఇవ్వండి. ఆ లక్ష అయిపోతే మళ్లీ ఏడాదే. అప్పుగా ఇవ్వాల్సి వస్తే బ్యాంకు ద్వారానే పంపండి. అప్పు తీసుకునేటప్పుడు 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు.

తొందరగా చేయాల్సినవి రెండు మిగిలాయి. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీల్లో చాలావాటికి వృత్తిగా ఆడే ఆట వల్ల తగిలే దెబ్బలు వర్తించవు. క్లబ్బు బీమా ఏదో అడిగి, దానికి పైన ప్రొఫెషనల్ క్రీడలకు వర్తిస్తుందని రాతపూర్వకంగా చెప్పే పాలసీనే తీసుకోండి. అమ్మకు, మీకు హెల్త్ ఇన్సూరెన్స్ వేరుగా చేయించండి. రెండోది, పేరు వచ్చిన కుర్రాడి దగ్గరికి బెట్టింగ్ యాప్ ప్రకటనలు వస్తాయి. ఎంత ఇచ్చినా వద్దు. వాటిని ప్రచారం చేసిన సినిమావాళ్ల మీద, యూట్యూబర్ల మీద 2025లో తెలంగాణ పోలీసులు కేసులు పెట్టారు. బెట్టింగ్ వేసినందుకు ఇటలీ ఆటగాడు సాండ్రో టొనాలీ 2023లో పది నెలలు ఆటకు దూరమయ్యాడు.

ఈ లెక్కంతా మీరొక్కరే మోయకండి. వచ్చే ఆదివారం తమ్ముణ్ని వీడియో కాల్‌లో పెట్టి, అమ్మ ముందు ఆ తెల్లకాగితం చదవండి. ఇల్లు రెండేళ్ల తర్వాతే అన్న మాట అమ్మకు మీ నోట కాకుండా వాడి నోట చెప్పించండి.