మూడోసారి వీడియో చూడకండి

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఎంబీఏ చదువుతున్నాను. వీడియో పాఠాలు రెండేసిసార్లు చూసినా వారానికే మర్చిపోతున్నాను. పరీక్షలంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మూడోసారి చూడకండమ్మా. చూస్తున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది, చిక్కంతా అక్కడే. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. అయిదు నిమిషాలకే పరీక్ష పెడితే, మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత మాత్రం, పాఠం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు. అందుకే నా ఆన్‌లైన్ క్లాసులో పాఠం మధ్యలో ఆపి, తెల్లకాగితం తీయమంటాను. మొదట్లో పిల్లలు విసుక్కుంటారు, అయినా మానను. మీరూ వీడియో మధ్యమధ్యలో ఆపి, నోట్సు మూసి రాయండి. తప్పులొస్తాయి, రానివ్వండి. వెంటనే పాఠంతో సరిచూసుకోండి. రెండు రోజులాగి మళ్లీ రాయండి. అప్పటికీ తెగనిది లైవ్ క్లాసులో అడగండి. అలాంటి ప్రశ్న ఒక్కటి వస్తే చాలు, మా టీచర్లకు ఎక్కడ సరిగా చెప్పలేదో తెలుస్తుంది.