పగలు సీరియళ్లు, రాత్రి సినిమాలు: ఏ టీవీ కొనాలి?

ప్రశ్న: హాల్లోకి 55 అంగుళాల టీవీ కొనాలి. పగలంతా అమ్మ సీరియళ్లు, వార్తలు చూస్తుంది, రాత్రి మేం సినిమాలు. ఓలెడ్ మంచిదా, ఎల్‌సీడీనా?

జవాబు: మీ ఇంటికి ఎల్‌సీడీయే నయమండీ. ఓలెడ్‌లో ప్రతి పిక్సెల్ (తెర మీది చిన్న చుక్క) తనంతట తానే వెలిగి ఆరిపోతుంది కాబట్టి చీకటి సీన్లలో నలుపు నిజంగా నల్లగానే కనిపిస్తుంది, లైట్లార్పుకుని సినిమా చూస్తే ఆ అందమే వేరు. కానీ న్యూస్ చానల్ లోగో, కింద కదిలే పట్టీ రోజూ గంటల తరబడి ఒకేచోట ఉంటే కొన్నేళ్లకు అక్కడ మచ్చ పడే ప్రమాదం ఉంది. దీన్నే బర్న్‌-ఇన్ అంటారు. షాపులో ఎల్ఈడీ, క్యూఎల్ఈడీ అన్నా కంగారు పడకండి, అవీ ఎల్‌సీడీలే, వెనక వెలిగే లైటే ఎల్ఈడీ. బడ్జెట్ ఉంటే లోకల్ డిమ్మింగ్ (సీన్‌లో చీకటి ఉన్నచోట వెనక లైటు తగ్గించే ఏర్పాటు) ఉన్న మినీ ఎల్ఈడీ (వెనక చాలా చిన్న ఎల్ఈడీ లైట్లుండే ఎల్‌సీడీ) అడగండి, కిటికీ వెలుతురులోనూ బొమ్మ బాగా కనిపిస్తుంది, రాత్రి సినిమాలకూ బాగుంటుంది.